మేస్త్రీ నాబ్

బేకరీ వెనక గది
బుధవారం

చిట్టీ,

నువ్వు క్షేమంగా ఉన్నావని పోయిన ఉత్తరంలో రాశావు కాబట్టి మళ్లీ అడగను. మేం క్షేమమో కాదో ఇది చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

మీ కంపెనీ ఓవెన్ వచ్చింది. నలుగురు మోశారు, ఇద్దరు అరిచారు, గుమ్మంలో పట్టకపోతే తలుపు రెక్క ఊడదీశారు. బిగించడానికి వచ్చిన ఫిట్టర్ మర్యాదస్తుడు. లోపలి గోడకి అతుక్కుని ఉన్న పెన్సిలంత రాగి గొట్టం చూపించాడు. అందులో నూనె ఉంటుందట. వేడి ఎక్కువైతే అది ఉబ్బి గ్యాసు దారి మూస్తుందట, చల్లబడితే తగ్గి దారి తెరుస్తుందట. మనం చెయ్యాల్సిందల్లా నాబ్ మీద అంకె పెట్టి వదిలెయ్యడమేనట. రొట్టెకి ఆరు, కేకుకి నాలుగు.

మీ అన్నయ్య చేతులు కట్టుకుని అంతా విన్నారు. విని, "మరి నేనేం చెయ్యాలి?" అన్నారు.

"మీరేం చెయ్యక్కర్లేదండీ. హాయిగా కూర్చోండి" అన్నాడు ఫిట్టర్.

ఆ మాట ఎవరితో అన్నాడో వాడికి తెలీదు కదా! పాత ఓవెన్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, వేడి చూసి, గ్యాసు కుళాయి వెంట్రుకవాసి తిప్పే మనిషి. వీధి వీధంతా 'థర్మామీటరు మేస్త్రీ' అని పిలిచే మనిషి. ఆయన్ని పట్టుకుని కూర్చోమన్నాడు. అప్పట్నుంచి ఓవెన్ ఎదురుగా స్టూలు వేసుకుని, పిలవని పెళ్లికి వచ్చినవాడిలా కూర్చున్నారు.

మొదటి రోజు రొట్టెలన్నీ ఒకే రంగులో వచ్చాయి. ఈయన ఒకటి విరిచి వాసన చూసి, వెలుతురులో తిప్పి చూసి, ఏ వంకా దొరక్క చివరికి "ప్రాణం లేదు" అన్నారు. రెండో రోజు నుంచీ అడుగులు మాడుతున్నాయి. ఆసుపత్రి వంటశాల పెద్దావిడ మన రొట్టెలు మూడు నెలలు చూసి ఖాయం చేస్తానందని చెప్పాను కదా. "రొట్టె రోజూ ఒకేలా ఉండాలి, మా రోగులకి మార్పులు ఇప్పటికే ఎక్కువయ్యాయి" అంటుంది ఆవిడ. నిన్న సగం రొట్టెలు వెనక్కి పంపించింది. ఇలా ఇంకొన్నాళ్లు సాగితే ఆ పని పోతుంది. అది పోతే దుకాణంలో మిగిలేది మీ అన్నయ్యా, నేనూ, నీ ఓవెనూ.

నీ మాట నమ్మే కదా కొన్నాం. ఆటోమేటిక్ అంటే తనంతట తనే మాడ్చడమా?

మీ వదిన

---

ఓవెన్ల కంపెనీ, జవాబుల విభాగం
సోమవారం

వదినా,

ముందు ఆఫీసు జవాబు రాసేస్తాను, లేకపోతే జీతం జీర్ణం కాదు.

"గౌరవనీయులైన వినియోగదారులకు. మీ ఓవెన్ సక్రమంగా ఉన్నది. మీరు కూడా సక్రమంగా ఉంటారని ఆశిస్తున్నాము."

దాదాపు ఇదే జవాబు రోజంతా రాస్తాం వదినా, కాస్త అటూ ఇటూ మార్చి. ఒకాయన త్వరగా వేడెక్కాలని నాబ్ చివరిదాకా తిప్పుతాడు. అలా తిప్పితే త్వరగా వేడెక్కదు, ఎక్కువగా వేడెక్కుతుంది, అంతే. ఒకావిడ రాగి గొట్టానికి గిన్నె తోముకునే పీచు తగిలించింది. ఇంకొకాయన లోపల ఏం జరుగుతోందో అని నిమిషానికోసారి తలుపు తీస్తాడు. తీసినప్పుడల్లా చల్లగాలి లోపలికి పోతుంది, పాపం ఆ గొట్టం అయ్యో చల్లబడిపోయిందే అనుకుని గ్యాసు భళ్లున వదులుతుంది. పైన పచ్చి, అడుగున బొగ్గు.

ఇప్పుడు నిజం చెప్పు. అన్నయ్య తలుపు తీసి చెయ్యి పెడుతున్నాడా? పెడుతూనే ఉంటాడు, నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ థర్మామీటరు పెట్టేది, వీడు దాన్ని లాగేసి నుదుటి మీద చెయ్యి వేసి అంకె చెప్పేవాడు. అదేం చిత్రమో, సరిగ్గా చెప్పేవాడు కూడా.

చెయ్యి పెట్టొద్దని నా మాటగా చెప్పు. ఫిట్టర్‌ని మళ్లీ పంపిస్తున్నాను.

ఇక్కడ మా పెద్దసారు కుశలం. అంటే మేమెవరం కుశలంగా లేమని అర్థం.

చిట్టి

---

బేకరీ వెనక గది
శనివారం

చిట్టీ,

చెప్పాను. "నా ఓవెన్ తలుపు నేను తీసుకోవడానికి నా చెల్లెలి పర్మిషన్ కావాలా?" అన్నారు.

నీ ఫిట్టర్ వచ్చాడు. వాడి దగ్గరున్న మీటరు లోపల పెట్టి, ఆరు దగ్గర ఎంత ఉండాలో అంతే ఉందని చూపించాడు. వాడున్నంతసేపూ మీ అన్నయ్య బుద్ధిమంతుడిలా తలూపారు, నీళ్లిచ్చారు, వీధి మొదలుదాకా వెళ్లి సాగనంపారు. వాడు అటు మలుపు తిరిగాడో లేదో ఈయన ఇటు వచ్చి తలుపు తీసి చెయ్యి పెట్టారు.

"చూశావా, చల్లగా ఉంది" అన్నారు.

"ఇప్పుడే కదండీ వాడు కొలిచి చూపించాడు!"

"వాడిది మీటరు. నాది చెయ్యి."

ఆరు మీదున్న నాబ్ ఎనిమిది మీదికి పోయింది. రొట్టెలు నల్లబడ్డాయి. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఆయన మాత్రం మాడిన రొట్టెని కత్తితో గీకుతూ, "గ్యాసులో తేడా ఉంది" అంటారు. మర్నాడు "పిండిలో తేడా". ఆ మర్నాడు "గాలిలో తేమ". తేడా లేనిది ఆయన ఒక్కరిలోనే!

మీ కంపెనీవాళ్లని అడిగి దానికి తాళం లాంటిది ఏదైనా పెట్టించు. ఈ మనిషికీ ఆ నాబ్‌కీ మధ్య ఒక గోడ కట్టకపోతే నేను పుట్టింటికి పోతాను. పుట్టింట్లో ఎవరూ లేరనుకో, అయినా పోతాను.

ఇంకో మాట కూడా రాద్దామనుకున్నాను. వద్దులే.

మీ వదిన

---

ఓవెన్ల కంపెనీ, జవాబుల విభాగం
గురువారం

వదినా,

నీ ఫిర్యాదు మీద ఏకంగా సమావేశం జరిగింది. ఆషామాషీ అనుకోకు. పెద్దసారు అధ్యక్షత, బిస్కెట్లు, రెండు రకాల నీళ్లు.

'వినియోగదారుడు ఓవెన్‌ని ముట్టుకోవడం' అనే సమస్య మీద అందరూ మాట్లాడారు. ముట్టుకోకుండా ఎలా వండుతారని ఎవరూ అడగలేదు. చివరికి తలుపు మీద 'లోపల చెయ్యి పెట్టవద్దు' అని ఒక స్టిక్కర్ వెయ్యాలని తీర్మానించారు. అమ్మకాలవాళ్లు లేచి, 'వద్దు' అనే మాట కొనేవాళ్ల మనసు నొప్పిస్తుందన్నారు. అయితే 'దయచేసి ఆలోచించండి' అని వేద్దామన్నారు. ఆలోచిస్తే కొనరేమోనని అదీ తీసేశారు. ఆఖరికి స్టిక్కర్ మీద 'ధన్యవాదాలు' అని మాత్రం మిగిలింది. ఒకటి ఈ కవర్లో పెడుతున్నాను. నాబ్‌కీ మేస్త్రీకీ మధ్య గోడ అడిగావు, కంపెనీ చేతనైనది ఇదే.

తాళాలు మా దగ్గర లేవు. పెద్దసారుకి తాళం అంటే గిట్టదు, ఆయనకి ప్రతిదీ తిప్పి చూడాలి.

అది సరే, ఆ 'ఇంకో మాట' ఏమిటి? వద్దులే అని రాసి పంపేకంటే ఉత్తరమే రాయకుండా ఉండాల్సింది. మూడు రోజుల్నుంచి బుర్ర తినేస్తోంది. అన్నయ్య పంతం వెనక ఏదైనా ఉందా? దాచకు.

చిట్టి

---

బేకరీ వెనక గది
ఆదివారం

చిట్టీ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. చింపే ముందు ఏడవకు, నేను ఇక్కడ ఆ పని కానిచ్చాను.

కొత్త ఓవెన్ ఎందుకు కొందామన్నావని అప్పట్లో నువ్వు అడిగితే, ఆసుపత్రివాళ్ల కోసమని చెప్పాను. అబద్ధం. మీ అన్నయ్య కోసం కొన్నాను.

చలికాలం వెళ్లేటప్పుడు ఒకరోజు ఈయన ఓవెన్‌లోంచి ట్రే తీసి బల్ల మీద పెట్టారు. నేను డబ్బులిచ్చి పంపాల్సినవాళ్లని పంపి ఇటు తిరిగేసరికి, గుడ్డ ఆయన భుజం మీదే ఉంది. ఉత్త చేత్తో పట్టుకున్నారు చిట్టీ. కాలిందని అరవలేదు. అసలు కాలిందని తెలీలేదు. భోజనం దగ్గర వేళ్ల మీద పొక్కులు చూసి ఇదేమిటండీ అంటే, ఎప్పుడో తగిలిందిలే అని చెయ్యి బల్ల కిందికి లాక్కున్నారు.

ఆ తర్వాత కనిపెట్టి చూశాను. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకుంటున్నారు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవారు, ఇప్పుడు డబ్బాలోంచి గుప్పెడు తీసి బల్ల మీద పోసి ఏరుకోమంటున్నారు. అందరూ దర్జా అనుకుంటున్నారు.

ఆ చేతికి వేడి తెలీడం లేదు. ఓవెన్‌లో పెడితే చల్లగానే అనిపిస్తుంది. అనిపించిన మేరకు నాబ్ పెంచుతారు. అంతే, ఇందులో గ్యాసు లేదు, పిండి లేదు, తేమ లేదు. ఆయనకీ లోపల ఎక్కడో తెలుసు. తెలుసు కాబట్టే అన్నిసార్లు చెయ్యి పెట్టి చూస్తున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్దామని ఒకసారి అన్నాను, వేరే ఏదో వంక పెట్టి. "నాకేమైంది?" అని ఒక చూపు చూశారు. ఆ తర్వాత నాకు నోరు రాలేదు. ఆ చెయ్యి పోయిందని ఒప్పుకుంటే ఆ మనిషి దగ్గర ఇంకేం మిగలదనుకుంటున్నారు. వీధిలో ఆయన పేరే అది కదా. మిషను పెడితే ఆ పేరు బయట అలాగే ఉంటుంది, రొట్టె బాగుంటుంది, ఎవరికీ తెలీదనుకున్నాను. ఇప్పుడేమో మిషనుతో పోటీకి దిగారు.

ఆసుపత్రి పని పోతే పోనీ. ఆయన నలుగురిలో తల దించుకోవడం నేను చూడలేను.

వదిన

---

ఇల్లు
మంగళవారం

వదినా,

ఆఫీసులో కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం ఆఫీసు బాత్రూమ్‌లో చదివాను, అంతసేపు ఏం చేస్తున్నావని బయట నుంచి తలుపు కొట్టారు. చింపలేదు. చింపబుద్ధి కాలేదు.

నా నుదుటి మీద పెట్టిన చెయ్యి అది. దాని గురించే నేను వేళాకోళం చేస్తూ రాశాను. తలకొట్టేసినట్టయింది.

ఏడుపు పక్కన పెట్టి పని మాట చెప్తాను. మా టెస్టింగ్ గదిలోకి పెద్దసారు రోజూ వస్తారు. వచ్చాక ఏదో ఒక నాబ్ తిప్పందే పోరు. ఆయన తిప్పిన రోజు లెక్కలన్నీ తారుమారు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ఫిట్టర్లు గోడ మీద అరచెయ్యంత నాబ్ ఒకటి బిగించారు. తళతళలాడుతుంది. తిప్పితే ఎర్ర దీపం వెలుగుతుంది. వెనక దేనికీ కలపలేదు. పెద్దసారు రోజూ వచ్చి దాన్ని రెండు గీతలు తిప్పి, దీపం చూసి, "ఆ, ఇప్పుడు కుదిరింది" అని సంతోషంగా వెళ్లిపోతారు. అప్పట్నుంచి మా ఓవెన్ల నాణ్యత పెరిగిందని ఆయనకి బహుమతి కూడా వచ్చింది.

నీకూ అలాంటిది ఒకటి చేయించాను. ఆ మర్యాదస్తుడైన ఫిట్టరే వస్తాడు. ఓవెన్ ముందువైపు పలక మారుస్తాడు. దాని మీద కొత్త నాబ్ ఉంటుంది, అంకెల మధ్య సన్న గీతలతో, తిప్పితే చక్కగా టిక్కుటిక్కుమంటుంది. 'ఇది మేస్త్రీల కోసం ప్రత్యేకంగా చేసింది' అని చెప్తాడు. అసలుది కింది పలక వెనక ఉంటుంది, చిన్న తాళంచెవితో తిప్పాలి. ఆ తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. తలుపు మాత్రం తీస్తే తియ్యనీ, ఆరు దాటనంతవరకు రొట్టె తట్టుకుంటుంది.

మోసమే వదినా. కానీ కంపెనీ మొత్తం ఇదే మోసం మీద నడుస్తోంది, మనింట్లో ఒక్కడి కోసం నడిస్తే తప్పేమిటి?

చిట్టి

---

బేకరీ వెనక గది
సోమవారం

చిట్టీ,

నువ్వు చల్లగా ఉండాలి. ఓవెన్ల కంపెనీలో పనిచేసేదానికి ఇంతకంటే మంచి దీవెన ఏముంటుంది!

వానలు మొదలయ్యాయి, నాబ్ వచ్చి నెల దాటింది, ఒక్క రొట్టె మాడలేదు. ఆసుపత్రి పెద్దావిడ తానే వచ్చి, ఏడాదికి మాట ఖాయం చేసి, "మీ మేస్త్రీ చెయ్యి చెయ్యే" అని పోయింది. నేను వెనక్కి తిరిగి పిండి జల్లించుకున్నాను, ముఖం కనబడకుండా.

మీ అన్నయ్యని చూడాలి. తలుపు తీసి చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, మేస్త్రీ నాబ్‌ని ఒక్క గీత పెంచుతారు. కాసేపాగి అర గీత తగ్గిస్తారు. "ఆ అర గీతలోనే ఉందే రొట్టె ప్రాణమంతా" అంటారు. పక్క వీధి మేస్త్రీ చూడటానికి వచ్చాడు. వాడికి ఆ అర గీత గురించి భోజనాల వేళ దాకా చెప్పారు. వాడు రాసుకున్నాడు కూడా!

నవ్వొస్తుంది. మనసులో మాత్రం భయంగా ఉంది. రొట్టెలు బాగా వస్తున్నాయి కాబట్టి చెయ్యి నయమైందని ఈయన నమ్మేశారు. డాక్టరు ఊసు ఎత్తితే, "ఈ చేతికా?" అని గాల్లో ఆడించి చూపిస్తున్నారు. పొక్కులు మాత్రం కొత్తవి వస్తూనే ఉన్నాయి. మనం దాచింది ఊళ్లోవాళ్ల దగ్గర కాదు చిట్టీ, ఆయన దగ్గరే దాచేశాం.

వదిన

---

ఓవెన్ల కంపెనీ, జవాబుల విభాగం
శుక్రవారం

వదినా,

తిట్టాలనుకుంటే తిట్టు, మధ్యలో ఆపకు.

నీ పోయిన ఉత్తరం చూసి పొంగిపోయి, మా అన్నయ్య రొట్టెకి ఆసుపత్రి మొత్తం దాసోహమందని ఆఫీసులో గొప్పలు పోయాను. మా ఓవెన్, మా అన్నయ్య చెయ్యి అని డప్పు కొట్టుకుంటూ చెప్పాను. ఇది నీకు ముందే రాయాల్సింది, రాయలేదు. ఆ మాట పెద్దసారు చెవిన పడింది. వచ్చే వారం నగరంలో పెద్ద హాల్లో మా ఓవెన్ల ప్రదర్శన ఉంది. అందులో అన్నయ్య స్టేజీ మీద ఓవెన్‌లో చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చెప్పాలట, పక్కన మీటరు పెడతారట. రెండూ ఒకటేనని చూపిస్తే జనం ఎగబడి కొంటారట. 'అనుభవజ్ఞుడి చెయ్యి, ఆటోమేటిక్ మర, రెండూ ఒకటే' అని బట్ట మీద రాయించేశారు.

నేను అడ్డం పడ్డాను. ఆయనకి ఆరోగ్యం బాగోదన్నాను, సిగ్గరి అన్నాను, ఊళ్లో లేడన్నాను. నేను మూడో అబద్ధంలో ఉండగానే పెద్దసారు అన్నయ్యకి నేరుగా పిలుపు పంపించేశారు.

స్టేజీ మీద ఉండేది మామూలు ఓవెన్. మేస్త్రీ నాబ్ ఉండదు. ఉన్నా, మీటరు ముందు అది దేనికి పనికొస్తుంది?

ఎలాగైనా ఆపు వదినా.

చిట్టి

---

బేకరీ వెనక గది
సోమవారం

చిట్టీ,

తిట్టే ఓపిక లేదు.

పిలుపు వచ్చింది. ఆయన దాన్ని కొట్లో అద్దానికి అంటించారు. చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు. వెళ్లొద్దండీ అంటే ఎందుకన్నారు. ఎందుకో చెప్పడానికి నాలుగుసార్లు నోరు తెరిచాను, నాలుగుసార్లూ వేరే మాట వచ్చింది. చివరికి "వాన పడుతుందేమో" అన్నాను. "హాలుకి కప్పు ఉంటుంది" అన్నారు.

నన్ను రావద్దన్నారు, రొట్టెలు ఎవరు చూస్తారని. నువ్వు పక్కనే ఉండు. స్టేజీకి ఎంత దగ్గరగా నిలబడగలిగితే అంత దగ్గరగా నిలబడు. వేరే ఏం అడగను.

వదిన

---

ఇల్లు
ఆదివారం

వదినా,

అన్నయ్య ఇంటికి వచ్చి ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో నాకు తెలీదు. నేను చూసింది రాస్తాను.

హాలు కిటకిటలాడింది. పెద్దసారు మైకు పట్టుకుని ఓవెన్ గురించి మాట్లాడుతూ ఎక్కువగా తన గురించే మాట్లాడారు. తర్వాత అన్నయ్యని పిలిచారు. అన్నయ్య ఎక్కాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఓవెన్ తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. నేను మెట్ల దగ్గర ఉన్నాను. వాడి ముఖం కనబడుతోంది.

మీటరు మీద గుడ్డ కప్పి ఉంచారు. "చెప్పండి మేస్త్రీగారూ, ఎంతుంది?" అన్నారు పెద్దసారు. అన్నయ్య చెయ్యి బయటికి తీసి, చూసుకుని, మళ్లీ పెట్టాడు. పెద్దసారు అది నటన అనుకుని మురిసిపోతూ జనానికి కన్ను కొట్టారు.

అప్పుడు ముందు వరసలో ఒక ముసలావిడ లేచింది. గోళ్లలో పిండి ఉంది, కొట్టు మూసి తిన్నగా వచ్చినట్టుంది. "అయ్యా, అమ్మకం మాటలు నాకొద్దు. మీరూ రొట్టెలు చేసేవారే, అందుకని అడుగుతున్నా. నాకూ ఇన్నేళ్లూ చెయ్యే దిక్కు. ఉన్న ఒక్క కొట్టూ తాకట్టు పెట్టి దీన్ని కొందామని వచ్చా. నా చేతిని నమ్ముకోనా, దీన్ని నమ్ముకోనా? మీ అమ్మకి చెప్పినట్టు చెప్పండి" అంది.

పెద్దసారు ఏదో అనబోయారు. అన్నయ్య ఆయన వైపు చూడనే లేదు.

"నా చేతికి తెలీడం లేదమ్మా" అన్నాడు. "రెండేళ్లయింది. ఇది లోపలుందో బయటుందో చూస్తేగానీ తెలీదు. నీ చేతికి తెలిసినన్నాళ్లూ నీ చేతిని నమ్ముకో. తెలీని రోజు వస్తే పంతం పట్టకుండా దీన్ని నమ్ముకో. ఇది అబద్ధం చెప్పదు, నాలాగా."

గొంతు వణికింది వదినా. ఆ తర్వాత పెద్దసారు చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే ఆఫీసు కొట్టింది, ఆఫీసు కొడితే హాలు కొట్టింది. నవ్వులు, ఈలలు. అందరూ కంపెనీ రాసిచ్చిన మాటలనుకున్నారు! ఆ ముసలావిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. అన్నయ్య చెయ్యి ఎర్రగా కందిపోయింది. నేను స్టేజీ ఎక్కి దాని మీద బకెట్లో నీళ్లు పోస్తుంటే, "నీళ్లు చల్లగా ఉన్నాయా చిట్టీ?" అని అడిగాడు. ఉన్నాయన్నాను.

ఒక్క పూటలో మూడు నెలల ఓవెన్లు అమ్ముడయ్యాయి. పెద్దసారు నా భుజం తట్టి, "ఆ వణుకు ఎంత సహజంగా పెట్టాడమ్మా మీ అన్నయ్య! మిగతా నగరాల్లో కూడా ఇదే చెప్పాలి. 'అబద్ధం చెప్పదు, నాలాగా' అనేది బట్ట మీద రాయిస్తున్నాను" అన్నారు. అది నిజమండీ, ఆయన చేతికి నిజంగా తెలీదు అని చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, "నువ్వు కూడా బాగా చేస్తున్నావే!" అన్నారు.

ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. పది రోజుల్లో అన్నయ్య జవాబు కావాలంటున్నారు. ఏం చెప్పను?

చిట్టి

---

బేకరీ
గురువారం

చిట్టీ,

ఇది నేను రాస్తున్నా, మీ వదిన కాదు. వంకర అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. కలం చేతిలో ఉందో జారిందో చూసుకుంటూ రాయాలి, అందుకని చిన్నగా రాస్తా.

స్టేజీ మీద ఆ ఓవెన్‌లో చెయ్యి పెట్టి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మరి ఇంటి దగ్గర రొట్టెలు ఎలా వస్తున్నాయా అని అక్కడే నిలబడి ఆలోచించా. అప్పుడర్థమైంది. వచ్చీ రాగానే ఓవెన్ ముందువైపు పలక ఊడదీసి చూశా. మీరిద్దరూ కలిసి నా చెవిలో ఎంత పువ్వు పెట్టారే! ఆ పక్క వీధి మేస్త్రీకి అర గీత గురించి పూట పూటంతా చెప్పా. వాడి ముఖం ఎలా చూడను?

కోపం వచ్చింది. మీ వదినని ఎప్పట్నుంచి తెలుసని అడిగా. ట్రే సంగతి చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదే అన్నా. మీరు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ అంది. ఆ తర్వాత నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. పెట్టుకున్నట్టు చూశాను.

ఆసుపత్రిలో చూపించుకున్నాం. నరాలు అంటున్నారు, మందులిచ్చారు. ఉన్నది పోకుండా చూడొచ్చు, పోయింది వస్తుందని చెప్పలేమన్నారు. డాక్టరు మన రొట్టె తినే మనిషే, చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇప్పుడు తాళంచెవి మీ వదిన దగ్గరే ఉంది. తను అంకె పెడుతుంది, నేను పక్కన నిలబడి తప్పులు పడతా. పని తగ్గింది, పెత్తనం తగ్గలేదు. పిండి వాసన, తట్టితే వచ్చే రొట్టె చప్పుడు నాకింకా తెలుస్తూనే ఉన్నాయి. వాటితో కొన్నాళ్లు లాగిస్తా.

మీ పెద్దసారు మళ్లీ మళ్లీ అదే చెప్పమంటున్నాడని రాశావట. నువ్వేం అబద్ధాలు వెతుక్కోకు, కుదరదన్నాడని చెప్పు. ఎందుకంటే, ఒక్కసారి చెప్పడానికే నాకు రెండేళ్లు పట్టిందని చెప్పు.

అన్నయ్య